ఉడుతకీ దొన్సోల్‌కీ పెళ్ళి మాటలు

సముద్రపు ఒడ్డు ఊరు కన్లావిస్‌లో బాసిలిసా నోటికి ఎదురు నిలబడటం అంటే సరదా పని కాదు. మొనగాళ్ళమనుకున్న వాళ్ళు కూడా ఆమె గొంతు సవరించుకోగానే ఇంట్లో పనుందని లేచిపోతారు. ఊరంతా ఆమెను నాంగ్ ఇసాయ్ అంటుంది. నాంగ్ అంటే అక్క. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు, ఎందుకైనా మంచిదని.

పెళ్ళి మాటలకు రెండు పక్షాలూ చెరొక మాటకారిని కూర్చోబెట్టడం బొహోల్ ద్వీపంలో పాత పద్ధతి. పిల్ల తండ్రీ పిల్లవాడి తండ్రీ నోరు మెదపరు. మాటకారులిద్దరే పూలనీ చుక్కలనీ అడ్డం పెట్టుకుని, అసలు సంగతిని పేరెత్తకుండా తేల్చుకుంటారు. ఎవరి నోరు ముందు మూతపడితే వాళ్ళు కొబ్బరిచిప్పలో కల్లు తాగి, అవతలివాళ్ళు అడిగినదానికి ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళలో నాంగ్ ఇసాయ్ ఆ చిప్ప ముట్టుకున్నది లేదు.

ఈసారి మాత్రం పెళ్ళి పరాయి ఇంటిది కాదు. సొంత మేనకోడలు లోర్నాది. లోర్నా తల్లి పురిట్లోనే పోయింది. క్రిసాంతో అనే ఇసాయ్ అన్న, అంటే లోర్నా తండ్రి, పడవ మీద పగలూ రాత్రీ తిరిగేవాడు. పెళ్ళీ పెటాకులూ వద్దనుకుని ఆ పసిగుడ్డును ఎత్తుకున్నది ఇసాయ్. చేతులారా పెంచింది. ఇప్పుడా పిల్లను రోనీలో అనే ఇలాయా కుర్రాడు చేసుకుంటానంటున్నాడు. కుర్రాడి మీద ఆమెకు కోపమేమీ లేదు. ఇలాయా మీదే కోపం. ఇలాయా అంటే పైన గుట్టల్లో కొబ్బరితోటల మధ్య ఉన్న ఊరు. కాలినడకన ఎక్కాలి, ఇసాయ్ మోకాళ్ళు ఆ ఎక్కుడు ఎప్పుడో మానేశాయి. పెళ్ళయ్యాక జంట ఒడ్డున ఉండాలా, గుట్ట మీద ఉండాలా అన్నదే ఈనాటి వాదం. పిల్ల పైకి వెళ్ళిందంటే ఇసాయ్‌కి పండక్కీ పబ్బానికీ కనపడే చుట్టమైపోతుంది.

"దిగులెందుకన్నయ్యా. దాని కాపురం మన వాకిట్లోనే. రాసిపెట్టుకో," అంది ఆదివారం పొద్దున చర్చిలో పూజ నుంచి వస్తూ అన్నతో.

"లోర్నాని ఓ మాట అడిగావా?" అన్నాడు క్రిసాంతో.

"అడిగేదేముంది? దాని మనసులో ఏముందో దానికంటే నాకే బాగా తెలుసు."

మధ్యాహ్నం ఎండ వాలేసరికి ఇలాయా వాళ్ళు దిగారు. బెల్లం పాకం పోసిన బంకబియ్యం, కాల్చిన పంది తొడ, మడచెట్టు బెరడు వేసి ఎర్రగా చేసిన కల్లు జాడీలు. ముందు వాళ్ళ మాటకారి, టియోపిస్తో అనే పెద్దాయన, ఇస్త్రీ చొక్కా, చేతిలో టోపీ. వెనకాల రోనీలో తల్లి ఫెలిసా, తండ్రి, ఆ వెనక తల వంచుకుని రోనీలో. రోనీలో కల్లు గీస్తాడు. పొద్దునా సాయంత్రమూ చెట్లెక్కి ఎక్కి అతని పాదాలు వెడల్పుగా, గట్టిగా అయిపోయాయి. కొత్త చెప్పుల్లో అవి ఇమడక అవస్థ పడుతున్నాడు.

ఇసాయ్ వెదురు మెట్ల పైన అడ్డంగా నిలబడింది.

"ఎండలో ఇంత దూరం వచ్చారేంటి నోయ్ పిస్తోయ్? దారి తప్పారా?"

నోయ్ అంటే అన్న, పిస్తోయ్ ఆయన ముద్దుపేరు. టియోపిస్తో టోపీ ఊపాడు. "గాలికి మా తోటలో ఒక వాసన వచ్చింది నాంగ్. ఏ పువ్వుదా అని వెతుక్కుంటూ వచ్చాం."

"మా ఇంట్లో ఎండు చేపల వాసన తప్ప ఇంకేం లేదే."

"ఆ వాసన కూడా వచ్చిందిలెండి. దాని వెనకే ఉంది పువ్వు."

వాకిట్లో చేరిన ఆడవాళ్ళు నవ్వారు. ఇసాయ్ కూడా నవ్వి పక్కకు జరిగింది. మొదటి పోటు ఆయనదే అనిపించినా ఆమె పట్టించుకోలేదు. ఇలాంటివి రెండు మూడు ఇచ్చేస్తేగాని అవతలి మనిషి ఒళ్ళు మరిచి పప్పులో కాలేయడని ఆమెకు తెలుసు.

చాప పరిచారు. మాటకారులిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో ఎర్రకల్లు నింపిన చిప్ప పెట్టారు. పెళ్ళికూతురు వంటింట్లోనే ఉండాలి, మాటలు తేలేదాకా నోరెత్తకూడదు. అందుకని లోర్నా లోపల లుకోత్ కడుగుతోంది.

లుకోత్ అంటే చూడటానికి పచ్చటి సేమ్యా. కానీ అది దొన్సోల్ పెట్టే గుడ్ల దారం. దొన్సోల్ ఒంటి మీద గుల్ల లేని సముద్రపు నత్త, పిడికిలంత ఉంటుంది, బురద రంగు. ఒడ్డున లోతు తక్కువ నీళ్ళలో వల కట్టి దడి చేసి, ఆడవాళ్ళు వాటిని లోపల పెంచుతారు. అవి నీటి గడ్డి మీది నాచు మేసి దారాలు పెడితే ఆటు సమయంలో వెళ్ళి ఏరుకొస్తారు. ఉల్లిపాయ, టమాటా, కొబ్బరి వెనిగర్ కలిపి తింటే కన్లావిస్ వాళ్ళకు స్వర్గం అక్కడే. ఇసాయ్ దడి ఊళ్ళో పెద్దది. లోర్నా నడక నేర్చిందే ఆ నీళ్ళలో.

టియోపిస్తో పూలతో మొదలుపెట్టాడు. మల్లెపువ్వు పుట్టిన కొమ్మ మీదే ఉండిపోతే వాడిపోతుంది, తలలో పెట్టుకుంటేనే అందం అన్నాడు. తెంపిన పువ్వు సాయంత్రానికి ఎక్కడుంటుందో మీ ఇంటి చెత్తకుప్పని అడగండి అంది ఇసాయ్. చంద్రుడు కొండ మీంచే వస్తాడన్నాడు. వచ్చి సముద్రంలోనే కదా పడుకుంటాడంది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. గుంపు నవ్వుతుంటే ఆయనకు ఉడుకుమోతుతనం వచ్చింది.

అప్పుడే ఆయన నోరు జారింది. పెళ్ళి మాటల్లో ఆడపిల్లని పువ్వనొచ్చు, ఉంగరమనొచ్చు, చుక్కనొచ్చు. ప్రాణమున్న జంతువుతో పోల్చకూడదు. అదీ వాళ్ళింట్లో వండుకునే దానితో అసలు పోల్చకూడదు. టియోపిస్తోకి ఒడ్డు పద్ధతులు అంతగా తెలియవు. వీళ్ళ బతుకుతెరువు పేరెత్తితే సంతోషిస్తారనుకున్నాడు కాబోలు.

"మావాడు ఉడుత నాంగ్," అన్నాడు ఛాతీ విరుచుకుని. "చెట్టు చివర పుట్టాడు, చెట్టు చివరే బతుకుతాడు. కిందకి దింపితే వాడు వాడు కాదు. మీ పిల్లంటారా, దొన్సోల్. ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది. మెత్తన, నెమ్మది, ఎముకే లేదు. అలాంటిదాన్ని ఎక్కడికి తీసుకెళ్తే ఏంటంట?"

ఫెలిసా నెత్తిన చెయ్యి పెట్టుకుంది. క్రిసాంతో లేచి నిలబడ్డాడు, మెడ నరాలు ఉబ్బి. ఆడపిల్లని అంత మాటంటే చాప చుట్టేసి వచ్చినవాళ్ళని పంపించేసే హక్కు పద్ధతి ప్రకారం వాళ్ళకుంది.

ఇసాయ్ అన్న చొక్కా పట్టి కిందకి లాగింది. ఆమెకు కోపం రాలేదు. అబద్ధమెందుకు, లోలోపల పండగలా ఉంది. ఇంత మెత్తటి మాటను ఎవరూ ఇన్నేళ్ళలో ఆమె చేతికి ఇచ్చింది లేదు.

"కూర్చో అన్నయ్యా, చాప చుట్టొద్దు," అంది. "పెద్దాయన నిజమే అన్నారు. మా పిల్ల దొన్సోలే. నేనే ఒప్పుకుంటున్నా. మరి ఉడుత సంగతి కూడా మాట్లాడుకుందామా నోయ్ పిస్తోయ్?"

టియోపిస్తో టోపీ పక్కన పెట్టి సరేనన్నాడు.

"మీ ఉడుత లేత కొబ్బరికాయకి చిల్లు పెడుతుంది. లోపలున్నదాంట్లో గుప్పెడు తింటుంది. మిగతా కాయంతా కుళ్ళబెట్టి పక్క కాయకి పోతుంది. మా దొన్సోల్ ఎవరూ ఏరుకోని నాచు తింటుంది. తిన్నదానికి బదులు లుకోత్ ఇస్తుంది. ఇద్దరిలో ఎవరి కాపురం నిలబడుతుంది?"

"ఉడుతకి చురుకుంది. చప్పుడైతే చాలు, పై కొమ్మన ఉంటుంది."

"పారిపోవడాన్ని మీ ఊళ్ళో చురుకంటారా? మా దొన్సోల్‌ని పట్టుకుని చూడండి. పారిపోదు. ఊదారంగు సిరా చిమ్ముతుంది. మీ ఇస్త్రీ చొక్కా మీద పడిందంటే మీ ఆవిడ వారం రోజులు బండకేసి బాదినా పోదు. ఇంతవరకూ దాన్ని మింగిన చేప మళ్ళీ మింగలేదు."

ఈసారి ఇలాయా వాళ్ళు కూడా నవ్వారు. టియోపిస్తో మీసం దువ్వుకున్నాడు. "ఉడుతకి తోక ఉంది నాంగ్. ఆ కుచ్చు తోక చూస్తే ఆడపిల్లలు ఆగిపోతారు. దొన్సోల్‌కి ఏముంది, ఏది తలో ఏది తోకో మీకే తెలీదు."

"తోక చూసి మనువాడినవాళ్ళ గతి ఏమైందో మీ ఇంట్లోనే ఎవరినైనా అడగండి," అంది ఇసాయ్. టియోపిస్తో భార్య వెనక వరసలోంచి పెద్దగా నవ్వింది. "ఇంకో మాట. దొన్సోల్ ఒక్కొక్కటీ ఆడదీ అవునూ, మగదీ అవునూ. దానికి ఇలా పంది తొడ మోసుకుంటూ వచ్చి బతిమాలాల్సిన అవసరం లేదు. పక్కకి తిరిగితే చాలు, మొగుడున్నట్టే, పెళ్ళామున్నట్టే."

కడుపు పట్టుకుని నవ్వనివాళ్ళు లేరు. రోనీలో తల ఎత్తకుండానే నవ్వుతున్నాడు, చెవులు ఎర్రబడ్డాయి. వెనక వంటింట్లో కత్తి చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

టియోపిస్తో చేతులెత్తాడు. "సరే, ఎంత గొప్పదైనా కానివ్వండి. గొప్పదాన్ని తీసుకెళ్ళడానికే కదా వచ్చాం."

అక్కడ ఇసాయ్ గొంతు తగ్గించింది. ఎప్పుడు అరవాలో ఎప్పుడు తగ్గించాలో ఆమెకు తెలుసు.

"తీసుకెళ్ళండి. మీ గుట్ట మీద పెట్టండి. మధ్యాహ్నం ఎండకి ఏమవుతుందో తెలుసా? నీరంతా కారిపోయి ఇంత తోలుముక్క మిగులుతుంది. ఉడుతని ఒడ్డుకి తెస్తే ఏమవుతుంది? ఇక్కడా కొబ్బరిచెట్లున్నాయి. ఎక్కుతుంది, దిగుతుంది, సుఖంగా బతుకుతుంది. ఒకటి వస్తే బతుకుతుంది. ఒకటి వెళ్తే చస్తుంది. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఎవరి దగ్గరికి రావాలి?"

టియోపిస్తో నోరు తెరిచాడు. మూశాడు. సాయం కోసం పిల్లవాడి తండ్రి వైపు చూశాడు. ఆయనేమో పైకప్పు వైపు చూశాడు. చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నారు, ఎందుకంటే ఇంకా తేలలేదు. మాట తోచనివాళ్ళకు ఒక గడువుంది. వంటింట్లోంచి పళ్ళెం వచ్చి చాప మీద ఆనేలోపు జవాబు చెప్పొచ్చు. పళ్ళెం ఆనిందా, చిప్ప ఎత్తాల్సిందే.

"లోర్నా, పళ్ళెం గుమ్మం దాకా తే," అని కేక వేసింది ఇసాయ్.

పళ్ళెం రాలేదు. టియోపిస్తో వేళ్ళు విరుచుకుంటున్నాడు. మళ్ళీ పిలిచింది. అప్పటికీ రాలేదు. ఆమె విసుక్కుంటూ లేచి, మోకాళ్ళు పట్టుకుని, వంటింట్లోకి వెళ్ళింది. లోపలికి వెళ్తున్నప్పుడు ఆమె కాళ్ళు నేల మీద లేవు.

లుకోత్ కడిగి పళ్ళెంలో పోసి ఉంది. టమాటా ముక్కలు వేసి ఉన్నాయి. వెనిగర్ కలిపేసింది. ఆ పక్కనే ఉల్లిపాయ ముక్కలు గుట్టగా ఉన్నాయి, ఊరందరికీ వడ్డించినా మిగిలేన్ని. లోర్నా ఇంకా తరుగుతూనే ఉంది. ముక్కు ఎర్రగా ఉంది, కళ్ళు కారుతున్నాయి.

"ఇదేంటే, కొట్టు పెడతావా? గెలిచేశాం. ఆ పళ్ళెం ఇలా ఇవ్వు."

లోర్నా ఇంకో ఉల్లిపాయ తీసుకుంది. "ఒక్కటి తరిగేసి ఇస్తానత్తా."

"నువ్వు ఆలస్యం చేస్తే ఆయనకి గడువు పెరుగుతుందే, పిచ్చిదానా."

"అందుకే," అంది లోర్నా.

ఇసాయ్‌కి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. మాటల్లో ఎవరి మెలికైనా ఇట్టే పట్టే మనిషి, కళ్ళ ముందున్న ఉల్లిపాయల గుట్టను చూస్తూ నిలబడిపోయింది.

"ఆయనకి ఒక్క మాటన్నా తడుతుందేమో అని చూస్తున్నా," అంది లోర్నా, చాలా చిన్న గొంతుతో. "తట్టేట్టు లేదు. నువ్వు దారులన్నీ మూసేశావు."

"నువ్వు పైకి వెళ్దామనుకుంటున్నావా?"

"ఆఁ."

"వాడు ఏమన్నా అన్నాడా?"

"వాడు ఎక్కడుండమన్నా ఉంటానన్నాడు. నాకే అక్కడ బాగుంటుందత్తా. ఆ గాలి, ఆ చెట్లు. ఆదివారాలు వాళ్ళమ్మకి వెనిగర్ జాడీలు కట్టడానికి వెళ్తున్నానా, తిరిగి రాబుద్ధి కాదు. ఉప్పునీళ్ళలో నానింది చాలనిపిస్తుంది."

"ఇన్నాళ్ళూ నాతో ఒక్క ముక్క అన్నావా?"

"మొదలుపెట్టేదాన్ని. సగం చెప్పేసరికి మిగతా సగం నువ్వే చెప్పేసేదానివి. అదే నా మాటనుకునేదానివి." లోర్నా కత్తి కింద పెట్టింది. "నేను ఎండిపోతానన్నావు కదా అక్కడ. అందరూ నమ్మేశారు. నేను ఎండిపోనత్తా. కావాలంటే వచ్చి చూడు."

ఈ పిల్ల తన మీద అలిగి ఉంటే బాగుండేది, అరిచి ఉంటే బాగుండేది. ఊరందరి నోళ్ళూ మూయించడం నేర్చుకుని చివరికి ఇంట్లో ఈ నోరు కూడా మూయించాను అనుకుంది. అది మొదటిసారి తెలిసింది, నొప్పిగా తెలిసింది. ఇంకా నిలబడితే ఏడుస్తుంది. మాటలు తేలకముందు మాటకారి ఏడవకూడదు.

"ఇవ్వు," అంది.

"అత్తా..."

"ఇవ్వవే. నేను తీసుకెళ్తా."

పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని బయటికి వచ్చింది. ఆమెను చూడగానే టియోపిస్తో చెయ్యి కల్లు చిప్ప మీదకి వెళ్ళింది. పాపం, ఆయన సిద్ధపడిపోయాడు. ఇసాయ్ వంగలేదు. పళ్ళెం ఛాతీ దగ్గర పట్టుకుని చాప అంచున నిలబడింది.

"ఆగండి నోయ్ పిస్తోయ్. పళ్ళెం ఇంకా నా చేతిలోనే ఉంది. మీ తరఫున ఒక మాట మిగిలిపోయింది. మీకు తట్టలేదు, అది మీ తప్పు కాదు, మీరు కొండ మనుషులు. నేను చెప్తాను వినండి."

క్రిసాంతో చెల్లెలి వైపు వింతగా చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు.

"నా దడిలో ఉన్న దొన్సోల్‌ని నేను పుట్టించానా? లేదు. వాటి గుడ్లు మనం రోజూ వెనిగర్ పోసుకుని తినేస్తూనే ఉన్నాం. అయినా ఏడాదికోసారి గోరంత పిల్లలు వచ్చి మన గడ్డిని పట్టుకుంటాయి. అవి ఎక్కడివి? ఎక్కడో ఎవరి ఒడ్డునో గుడ్డు పగిలింది. తల్లి కాపలా కూర్చోలేదు. దారం చుట్టేసి తన దారిన తను పోయింది. పిల్లని నీళ్ళు మోసుకుపోయాయి. అటూ ఇటూ తిరిగి, తనకి నచ్చిన గడ్డి దొరికిన చోట ఆగింది. దొన్సోల్ ఏదీ పుట్టిన చోట పెరగదు. నా చేతుల మీద ఇన్నేళ్ళు తిరిగినవి అన్నీ బయటి నుంచి వచ్చినవే, ఒక్కటీ నాది కాదు."

ఆమె ఊపిరి తీసుకుంది.

"ఉడుతంటారా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా గెంతుతుంది. చూసేవాళ్ళకి ఏడు ఊళ్ళు తిరిగినట్టుంటుంది. గెంతేది ఆ నాలుగు చెట్ల మధ్యే. పుట్టిన చెట్టు కనపడకుండా ఎప్పుడూ పోదు. కాబట్టి కదలనిది ఉడుత. కదిలి వెళ్ళి బతకగలిగేది దొన్సోల్. నేను ఇందాక ఎండలో పెట్టాను దాన్ని. తప్పు నాది. దాన్ని ఎవరూ పెట్టక్కర్లేదు, తన గడ్డి ఎక్కడుందో దానికి తెలుసు."

టియోపిస్తో చిప్ప మీద నుంచి చెయ్యి తీశాడు. "నాంగ్, ఇప్పుడు నేనేమనాలి?"

"మీరేమీ అనకండి. చెడగొడతారు."

"మరి మీ జవాబు?"

"నా దగ్గర లేదు," అంది ఇసాయ్, వంగి పళ్ళెం చాప మీద ఆనించింది. ఆ చేత్తోనే చిప్ప తీసుకుని ఎత్తిన చిప్ప దించకుండా తాగింది. ఎర్రకల్లు గడ్డం మీదుగా కారింది. తాగి చిప్ప బోర్లించి చూపించింది, ఎవరికైనా అనుమానముంటే తీరడానికి.

ఓడినవాళ్ళు మెట్ల మీదికి వెళ్ళి వీధికి వినపడేలా ఒక మాట చెప్పాలి. ఎందరి చేతనో ఆ మాట చెప్పించింది ఇసాయ్. చెప్పలేక తల దించుకున్నవాళ్ళని గట్టిగా, గట్టిగా అని అదిలించింది కూడా. ఇప్పుడు తనే మెట్ల దగ్గరికి నడిచింది. కింద వాకిట్లో పొరుగు ఆడవాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు.

"ఏంటి నాంగ్, మిమ్మల్ని ఓడించారా?" అంది వాళ్ళలో ఒకామె, నమ్మలేక.

"నన్ను ఓడించాలంటే ఈ ద్వీపంలో నేనే పుట్టాలి," అంది ఇసాయ్. తర్వాత మెట్ల కమ్మీ పట్టుకుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఎక్కడా గొంతు తగ్గించకుండా చెప్పింది: "మా పిల్ల మా మెట్లు దిగి మీ మెట్లు ఎక్కుతుంది."

చెప్పేసి పై మెట్టు మీద కూలబడి ఏడ్చింది. దాచుకోలేదు. ఇంటినిండా జనం ఉన్నా ముక్కు చీదుకుంటూ, చిన్నపిల్లలా ఏడ్చింది. మాటలు తేలిపోయాయి కాబట్టి లోర్నా ఇక బయటికి రావచ్చు. వచ్చి ఒక మెట్టు కిందగా కూర్చుని అత్త ఒళ్ళో తల పెట్టింది. ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. ఇసాయ్ అలవాటుగా అందుకోబోయి ఆగింది. పిల్ల మాట మొత్తం పూర్తయ్యేదాకా ఏడుస్తూనే విన్నది.

"ఆదివారాలు నేనే దిగి వస్తానత్తా. నువ్వు ఎక్కక్కర్లేదు."

"చేతులు కడుక్కోపో, ఉల్లిపాయ కంపు," అంది ఇసాయ్. పిల్ల తల మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.